మెడ వెనక

జుంబేర్, కదలకు.
ఖషూరి స్టేషన్లో తెల్లవారు బండి కూసి వెళ్లింది,
మొదటి వాయి రొట్టెలు దానితోపాటే వెళ్లాయి,
ఇప్పుడు ఈ పావుగంట నాది.
పీట మీద కూర్చో. చొక్కా భుజాల కిందికి దించు.

ముప్పై ఏళ్లుగా నిప్పు నీ ముఖం చూస్తోంది.
బావిలాంటి పొయ్యిలోకి నడుము దాకా వంగి
మట్టిగోడకి పిండి చరిచే నిన్ను
నేను వెనక నుంచే చూశాను.
అందుకే ఇది ముందు నా కంటబడింది.
కాలరు ఒరుసుకునే చోట,
జుట్టు ఆగిపోయే గీతకి కాస్త కింద,
చిక్కుడుగింజంత కంతి, నడుమ నల్లచుక్క.
వేలు తగిలితే తోలు కింద జారుతుంది,
గోళీ దొంగిలించిన పిల్లాడి బుగ్గలా.

నువ్వేమో వాజాని పిలిచావు.
పట్టాల కింద కంకర సర్దే వాజా,
జేబులోంచి ఆరె తీసి, అగ్గిపుల్ల మీద కాల్చి,
"రెండు నిమిషాల పని" అన్నాడు.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నాడు.
ఇది గోటితోనూ పోదు, గొడ్డలితోనూ పోదు,
ఆ ఆరె ఇటిచ్చి, ఒక గ్లాసు తాగి వెళ్లు అన్నాను.
ఆరె ఇంకా నా దారాలడబ్బాలోనే ఉంది.
అడగడానికి అతనికీ మొహం చెల్లలేదు.

పాలిక్లినిక్‌లో మ్జెవినార్ ఏమంది?
లోపల ఒక తిత్తి ఉంటుందట.
పిసికితే సరుకు బయటికొస్తుంది, తిత్తి ఉండిపోతుంది,
మళ్లీ నిండుతుంది.
లోలోపలే చిట్లిందా, చుట్టూ వాచి చీము పడుతుంది.
బొత్తిగా పోవాలంటే డాక్టరు తిత్తి తీయాల్సిందే.
నీ తిత్తి తీసే పని ఇన్నేళ్లూ నాదే అనుకున్నాను అన్నాను.
మ్జెవినార్ నవ్వలేదు.
నువ్వు నవ్వావు, కంతి కూడా కదిలింది.

ఇదిగో, చేతులు సబ్బుతో కడిగాను,
గోళ్లసందుల్లో పిండి లేదు, చూసుకో.
ఉతికి ఆరేసిన గుడ్డ. వేడినీళ్లలో ముంచి, పిండి,
ముందు నా మణికట్టు మీద వేసుకున్నాను.
నీ చర్మం మాట నేను నమ్మను.
మోచేతి వెంట్రుకలు మాడిన వాసన వస్తున్నా
ఏం కాలేదంటావు.
నిప్పుతో బతికినవాడికి గోరువెచ్చదనం ఆనదు.
"ఇంకొంచెం వేడి" అంటావు.
పెట్టను. కాలడానికి ఇది రొట్టె కాదు.
పది నిమిషాలు. చల్లారితే మళ్లీ ముంచుతాను.
పొద్దున, మధ్యాహ్నం, రాత్రి.
అద్దుతాను గాని నొక్కను.
వెల్లుల్లి ముద్ద లేదు, మీ అక్క పంపిన ద్రాక్షసారా లేదు.
దాన్ని నువ్వు తాగు, మెడకి పోయకు.

పోయిన గురువారం పిండిబస్తా ఎత్తినప్పుడు
దానంతటదే కాస్త కారింది.
నీళ్లతో కడిగి, మెత్తగా గాజుగుడ్డ కప్పాను.
పోయిందా అని అడిగావు.
పోలేదు. తగ్గింది.
రెండూ ఒకటి కాదని నీకు చెప్పడం
పెళ్లయిన కొత్తలో నీ కోపం గురించి
మా వాళ్లకి చెప్పినట్టుంది.

రోజూ రాత్రి దీపం దగ్గరికి రా.
ఎర్రబడిందా, వేడెక్కిందా, సలుపుతోందా చూస్తాను.
నుదురు పట్టుకు చూస్తాను.
జ్వరం తగిలినా, ఎరుపు పాకినా,
ఆ పూట ఊరంతా రొట్టె లేకుండా ఉండనీ,
పొయ్యి మీద మూతపెట్టి నిన్ను ఈడ్చుకుపోతాను.

ఏమిటి, అటు తిరిగి ఏదో గొణుగుతున్నావు?

"నీ మెడ వెనక పుట్టుమచ్చ ఉంది, తెలుసా?
బార్లీగింజలా, కొంచెం ఎడమకి."

తెలీదు.
యాభై నాలుగేళ్లు మోశాను, ఎవరూ చెప్పలేదు.
ఎప్పుడు చూశావు, ఎప్పుడూ పొయ్యిలోకే కదా నీ చూపు?

జవాబు చెప్పవు.
గుడ్డ నా చేతిలో చల్లారిపోయింది.
పదీ కాదు, పద్నాలుగు నిమిషాలైంది.
లే. కాలరు లోపలికి మడువు, ఒరుసుకోకుండా.
రెండో వాయి పిండి
తొట్టి అంచు దాటి పొంగుతోంది.